సెట్ పడ్డాక ఎంత బెట్ వెయ్యాలి? రివర్‌లో కాదు, ఫ్లాప్‌లోనే ఆలోచించాలి

తమ్ముడూ, ముందు నీ హ్యాండ్ ఒకసారి క్లుప్తంగా రాస్తా, లేకపోతే చదివే మిగతావాళ్ళకి కింద అంకెలు ఎక్కడివో అర్థం కావు. వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఫ్రెండ్స్ అంతా ఆదివారం కూర్చుని ఉత్తి చిప్స్‌తో హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలతో ఆడే పోకర్) ఆడుకుంటున్నారు, బ్లైండ్స్ (ఇద్దరు ముందుగానే తప్పనిసరిగా పెట్టే బెట్లు) 50/100, తలా 10,000 చిప్స్. నీకు ఎనిమిది జత వచ్చింది, ఒకటి కళావర్ ఒకటి డైమండ్. బటన్ (ఫ్లాప్ నుంచి ఆఖరున ఆడే సీటు) మీద నుంచి 300కి రెయిజ్ చేశావ్, బిగ్ బ్లైండ్ (ముందు 100 పెట్టినవాడు) ఒక్కడే కాల్ చేశాడు, అంటే అంతే పెట్టి నిలబడ్డాడు, పాట్ (మధ్యలో పోగైన చిప్స్) 650. ఫ్లాప్ (బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కలు) ఇస్పేట్ రాజు, ఆఠీన్ ఎనిమిది, ఇస్పేట్ మూడు, అంటే నీకు మూడు ఎనిమిదులు, అదే సెట్. 200 వేశావ్, కాల్. టర్న్ (నాలుగో ముక్క) డైమండ్ ఐదు, 300 వేశావ్, కాల్. రివర్ (ఐదో ముక్క, ఆఖరిది) కళావర్ జాకీ, 500 వేశావ్, మళ్ళీ కాల్, అతను రాజు-రాణి చూపించాడు. పాట్ నీకొచ్చింది గానీ నీ డౌట్ ఏంటంటే ఇంకా ఎక్కువ వెయ్యాల్సిందా, వేస్తే ఫోల్డ్ చేసి (ముక్కలు పడేసి) పారిపోయేవాడా అని.

ఎక్కువ వెయ్యాల్సిందే, చాలా ఎక్కువ. నేనైతే ఫ్లాప్‌లో 450, టర్న్‌లో 1,200, రివర్‌లో 3,000 దాకా వేసేవాణ్ణి. పాట్ 650 నుంచి 1,550, అక్కడి నుంచి 3,950, చివరికి 9,950 అవుద్ది. మూడు స్ట్రీట్లూ (ఫ్లాప్, టర్న్, రివర్) కాల్ చేస్తే అతని దగ్గర్నుంచి నీకు వచ్చేది 4,650. నువ్వు తీసుకున్నది 1,000. రివర్‌లో అతను భయపడి వదిలేసినా నీకు అప్పటికే 1,650 వచ్చేసి ఉంటాయి, అంటే నువ్వు మూడు కాల్స్‌తో రాబట్టినదానికంటే నేను రెండు కాల్స్‌తో రాబట్టింది ఎక్కువ. "పారిపోతాడేమో" అనే భయానికి ఇది ఒక సమాధానం.

అసలు విషయం ఏంటంటే, చాలామంది రివర్ వచ్చాక "ఇప్పుడు ఎంత వెయ్యాలి" అని ఆలోచిస్తారు, అప్పటికి లేట్ అయిపోయి ఉంటుంది. నీ కేసే తీసుకో, రివర్‌కి వచ్చేసరికి పాట్ 1,650, ఇద్దరి ముందూ చెరో 9,200 మిగిలి ఉన్నాయి. అవన్నీ లోపలికి రావాలంటే పాట్‌కి ఐదున్నర రెట్లు బెట్ వెయ్యాలి, అంత వేస్తే రాజు-రాణి ఉన్నవాడు కాదు కదా ఎవడైనా ఆగి ఆలోచిస్తాడు. ఒక్కో బెట్ పాట్‌లో కలుస్తుంది, దానికి కాల్ కూడా కలుస్తుంది, తర్వాతి బెట్ ఆ పెరిగిన పాట్ మీద లెక్క. అందుకే ఫ్లాప్‌లో తగ్గించిన కొంచెం రివర్ దగ్గరికి చాలా అయిపోద్ది. అదే 650 పాట్‌తో చూడు. మూడు స్ట్రీట్లూ పాట్‌లో మూడో వంతు చొప్పున వేసుకుంటూ పోతే మొత్తం 1,180 దగ్గర ఆగిపోతావ్. సగం చొప్పున వేస్తే 325, 650, 1,300, మొత్తం 2,275. ముప్పావు చొప్పున అయితే సుమారు 490, 1,220, 3,050, మొత్తం 4,760. ఫుల్ పాట్ అయితే 650, 1,950, 5,850, మొత్తం 8,450. సగం నుంచి ముప్పావుకి మారినప్పుడు ఫ్లాప్‌లో తేడా 165 చిప్స్ మాత్రమే, అవతలివాడు దాన్ని పట్టించుకోడు కూడా, కానీ చివరికి వచ్చేది రెట్టింపు కంటే ఎక్కువ.

మొత్తం స్టాక్ (ముందున్న చిప్స్ అన్నీ) లోపలికి పంపాలంటే ఎంత చొప్పున వెయ్యాలో దీనికి ఒక లెక్క ఉంది. చివరికి పాట్ ఎంత అవ్వాలి? నీ కేసులో 650 ప్లస్ ఇద్దరి 9,700లు, అంటే 20,050. ఇది మొదటి పాట్‌కి దాదాపు 31 రెట్లు. మూడు స్ట్రీట్లలో 31 రెట్లు పెరగాలంటే ఒక్కో స్ట్రీట్‌లో పాట్ మూడు రెట్లకి కాస్త పైన పెరగాలి, అంటే ప్రతిసారీ పాట్ కంటే ఒక ఏడు శాతం ఎక్కువ వెయ్యాలి. 700, 2,200, 6,800. కూడి చూస్తే సరిగ్గా 9,700. టేబుల్ దగ్గర ఘనమూలాలు ఎవడూ తియ్యడులే, గుర్తు పెట్టుకోవాల్సింది ఇంతే, వంద బిగ్ బ్లైండ్ల స్టాక్‌తో (ఇక్కడ 10,000) ఒక్కడే కాల్ చేసిన మామూలు రెయిజ్ పాట్‌లో మొత్తం తోసెయ్యాలంటే ప్రతి స్ట్రీట్‌లో పాట్ సైజ్ పైమాటే, ప్రీఫ్లాప్‌లో (ఫ్లాప్ పడకముందు) రీరెయిజ్ జరిగి పాట్ 2,000 ఉండి చెరో 9,000 మిగిలితే 58 శాతం చొప్పున చాలు. మన వైజాగ్ ఇంటి ఆటల్లో ప్రీఫ్లాప్ ఎవడూ ఫోల్డ్ చెయ్యడు, 300 రెయిజ్‌కి నలుగురు కాల్ చేస్తారు, పాట్ అప్పుడే 1,500. అలాంటప్పుడు ఒక్కడు చివరిదాకా వచ్చినా 70 శాతం చొప్పున వేస్తే స్టాక్ అంతా వెళ్ళిపోద్ది. ఇంకోటి, నీ దగ్గర 10,000 ఉండి అతని దగ్గర 3,000 ఉంటే లెక్క 3,000 మీదే చెయ్యాలి, నీ గుట్ట ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు.

మరి నేనెందుకు 700 కాకుండా 450 అన్నాను? ఇక్కడే అవతలివాడి చెయ్యి గురించి ఆలోచించాలి. నీ చెయ్యి ఎంత బలమైనది అన్నది ఒక్కటే చూసి సైజ్ నిర్ణయించకూడదు, నీకు డబ్బులిచ్చే ముక్కలు అతని దగ్గర ఏం ఉండొచ్చు, అవి ఎంతవరకు ఇస్తాయి, ఇదే చూడాలి. డబ్బులు అంటే చిప్సేలే, అలవాటు మాట. ఆ ఫ్లాప్‌లో నీకు డబ్బులిచ్చేది రాజు ఉన్నవాడు, ఇస్పేట్ ఫ్లష్ (ఐదు ఇస్పేట్‌లు) కోసం చూసేవాడు. ఎనిమిదులు, మూడులు ఉన్నవాడు ఫ్లాప్‌లో ఒకసారి ఇస్తాడు, తర్వాత వెళ్ళిపోతాడు. రాజులు ఇంకా మూడు ఉన్నాయి బయట. రాజు-రాణి పన్నెండు రకాలుగా రావచ్చు, మూడు రాజులు ఇంటు నాలుగు రాణులు. రాజు-జాకీ పన్నెండు, రాజు-పది పన్నెండు. ఈ మూడు చేతులే 36 కాంబినేషన్లు. ఆసు-రాజు ఉన్నవాడు చాలావరకు ప్రీఫ్లాప్‌లోనే రీరెయిజ్ చేసేస్తాడు కాబట్టి దాన్ని పెద్దగా లెక్కపెట్టను. ఈ 36లో ఒక్కటి కూడా 450కి ఫోల్డ్ అవ్వదు, 700కి కూడా చాలావరకు అవ్వదు, కానీ రాజు-పది లాంటివి రెండో పెద్ద బెట్‌కి ఆలోచనలో పడతాయి. నీ ఫ్రెండ్ "టాప్ పెయిర్ (బల్ల మీది అన్నిటికంటే పెద్ద ముక్కతో జత) పడితే వదలను" టైప్ అయితే 700, 2,200, 6,800 లైనే వేసెయ్, మొహమాటం అక్కర్లేదు. ఆలోచించి ఆడేవాడైతే 450, 1,200, 3,000.

ఇప్పుడు అదే ఫ్లాప్‌లో నీ దగ్గర ఎనిమిదులు కాకుండా రాజు జత ఉందనుకో. చెయ్యి ఇంకా పెద్దది, అందరూ ఇంకా పెద్ద బెట్ వెయ్యాలనుకుంటారు. కానీ చూడు, మూడు రాజులు నీకే కనిపిస్తున్నాయి, బయట మిగిలింది ఒక్కటి. రాజు-రాణి ఇప్పుడు నాలుగు రకాలే, మొత్తం 36 కాస్తా 12 అయిపోయింది. నీకు డబ్బులిచ్చేవాళ్ళలో మూడింట రెండు వంతులు నీ చేతిలోనే ఆగిపోయారు. మిగిలింది ఎనిమిది ఉన్నవాడు, పది జత లాంటిది పట్టుకున్నవాడు, ఫ్లష్ డ్రా ఉన్నవాడు (ఫ్లష్‌కి ఇంకొక్క ఇస్పేట్ కావాల్సినవాడు). వీళ్ళు ఫుల్ పాట్‌కి నిలబడరు. అక్కడ మూడో వంతు వేసి వాళ్ళని లాక్కురావడమే రైట్. చెయ్యి పెద్దదైతే బెట్ పెద్దది అన్న రూల్ తప్పని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. అలాగే ఫ్లాప్‌లో ఆసు-ఆసు-నాలుగు పడి నీ దగ్గర ఆసు-నాలుగు ఉంటే పెద్ద బెట్ ఎవడు కాల్ చేస్తాడు చెప్పు, బయట మిగిలింది ఒక్క ఆసే కదా.

ఫ్లష్ డ్రా సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నీ 300 టర్న్ బెట్‌లో అసలు నష్టం అక్కడుంది. అతని దగ్గర రెండు ఇస్పేట్‌లు ఉంటే బయట ఇంకా తొమ్మిది ఇస్పేట్‌లు ఉన్నాయి. అందులో ఇస్పేట్ ఎనిమిది, ఇస్పేట్ ఐదు పడితే బోర్డ్ (బల్ల మీది ముక్కలు) పెయిర్ అయి నీకు నాలుగెనిమిదులో ఫుల్ హౌసో (మూడు ఒకటి, రెండు ఒకటి, ఫ్లష్ కంటే పెద్దది) అయిపోద్ది, కాబట్టి అతనికి నిజంగా పనికొచ్చేవి ఏడే. రెండు చేతులూ, బోర్డూ తీసేస్తే 44 ముక్కలు, 7 బై 44 అంటే 16 శాతం. నువ్వు 1,050 పాట్‌లో 300 వేశావ్, అతను 300 పెట్టి 1,650 పాట్ కోసం చూస్తున్నాడు, అతనికి కావాల్సింది 18 శాతం. దాదాపు ఫ్రీగా ఇచ్చినట్టే, రివర్‌లో ఇస్పేట్ పడితే నీ దగ్గర ఇంకొంచెం తీసుకోవచ్చు కాబట్టి అతనికి ఆ కాల్ లాభమే. అదే నువ్వు 1,550లో 1,200 వేసి ఉంటే అతనికి 30 శాతం కావాలి, ఉన్నది 16. తమాషా ఏంటంటే అతను అయినా కాల్ చేస్తాడు! రెండు ఇస్పేట్‌లు పట్టుకుని రివర్ చూడకుండా వదిలేసేవాణ్ణి మన ఊళ్ళో నేను చాలా తక్కువ చూశా. కాల్ చేస్తాడని తెలిసినప్పుడు ఎక్కువ రేటు పెట్టాలా తక్కువ రేటు పెట్టాలా? పైగా రివర్‌లో ఫ్లష్ మిస్సయితే అతను ఒక్క చిప్ కూడా ఇవ్వడు, కాబట్టి ఫ్లష్ డ్రా దగ్గర వసూలు చేసే టైమ్ ఫ్లాప్, టర్న్ మాత్రమే.

ఇంట్లో సంక్రాంతికి రమ్మీ ఆడి పెరిగినవాళ్ళకి ఈ చిన్న బెట్ల అలవాటు ఎక్కువ ఉంటుందని నా అభిప్రాయం. రమ్మీలో అవతలివాడు మొదట్లోనే డ్రాప్ అయిపోతే 20 పాయింట్లతో తప్పించుకుంటాడు, ఒకసారి ముక్క తీసుకుని ఆటలోకి దిగాక మిడిల్ డ్రాప్ 40, అదీ దాటితే ఫుల్ కౌంట్ 80 దాకా పోతుంది, అందుకే షో చేసేవాడు అవతలివాణ్ణి కదిలించకుండా మెల్లగా కూర్చోబెట్టాలని చూస్తాడు. హోల్డెమ్‌లో మెల్లగా కూర్చోబెడితే వాడు కూర్చుంటాడు గానీ కౌంట్ దానంతటది పెరగదు, నువ్వు పెంచితేనే పెరుగుతుంది.

రివర్‌కి వద్దాం. నేను చెప్పిన లైన్‌లో పాట్ 3,950, ఇద్దరి దగ్గరా 8,050. కళావర్ జాకీ పడింది, ఇస్పేట్ రాలేదు, ఆ బోర్డ్ మీద స్ట్రెయిట్ (వరుసగా ఐదు ముక్కలు) ఎవరికీ కుదరదు, నిన్ను కొట్టేది రాజు జత, జాకీ జత మాత్రమే. ఇలాంటప్పుడు ప్రశ్న "ఎంత వేస్తే కాల్ చేస్తాడు" కాదు, "ఎంత వేస్తే సగటున ఎక్కువ వస్తుంది". ఉదాహరణకి నీ అంచనా ఇలా ఉందనుకో, 1,300 వేస్తే పదిలో ఎనిమిదిసార్లు కాల్, 3,000 వేస్తే ఐదుసార్లు, ఆల్ ఇన్ (ఉన్న 8,050 మొత్తం) వేస్తే రెండుసార్లు. మొదటిదాంట్లో సగటు 1,040, రెండోదాంట్లో 1,500, ఆల్ ఇన్‌లో 1,610. ఆల్ ఇన్ ఎక్కువ కనిపిస్తుంది గానీ ఆ రెండు కాల్స్‌లో నిన్ను కొట్టే జాకీ జత ఎక్కువసార్లు దూరుతుంది కాబట్టి నేను 3,000 దగ్గర ఆగుతా. ఇంకోలా చూడు, 3,000 బెట్ 1,300 బెట్‌తో సమానం అవ్వాలంటే వందలో 35 సార్లు కాల్ చేస్తే చాలు. అంటే అవతలివాడు మామూలు కంటే రెండింతలు భయపడినా నీకు నష్టం లేదు. పారిపోతాడేమో అని భయపడేటప్పుడు మనం కాల్ పోయిన నొప్పినే చూస్తాం, కాల్ వచ్చినప్పుడు తక్కువ తీసుకున్న నొప్పి కనిపించదు, ఎందుకంటే పాట్ మన వైపే జరిగి వస్తుంది కదా.

ఇంకో సంగతి, చాలామంది బెట్‌ని పాట్‌తో పోల్చి చూడరు, చిప్స్ చూసి భయపడతారు లేదా భయపడరు. పెద్ద రంగు చిప్ ఒకటి ముందుకు జరిగితే ఆగిపోయేవాడు అదే విలువ చిన్న చిప్స్ గుట్టగా తోస్తే కాల్ చేసేస్తాడు, దానికి రివర్స్‌లో ఉండేవాళ్ళూ ఉన్నారు. మీ టేబుల్‌లో ఎవడు ఏంటో రెండు మూడు ఆదివారాలు మురీ మిక్చర్ తింటూ గమనిస్తే నీకే తెలుస్తుంది, దీనికి ఫార్ములా లేదు.

చిన్న బెట్ ఎప్పుడు కరెక్ట్ అని కూడా అడుగుతారు ఎవరో ఒకరు. ఒకటి పైన చెప్పిన రాజు జత కేసు, డబ్బులిచ్చే ముక్కలు నువ్వే పట్టుకున్నప్పుడు. రెండోది, చిన్న బెట్ చూడగానే "వీడి దగ్గర ఏం లేదు" అని రెయిజ్ కొట్టే దూకుడు మనిషి అవతల ఉంటే, అప్పుడు నువ్వు వేసే 200 ఎర లాంటిది, పని అతనే చేసి పెడతాడు. మూడోది నీ చెయ్యి మధ్యస్థంగా ఉన్నప్పుడు. రివర్‌లో నువ్వు ఆఖరున ఆడుతుంటే ఒకటే పరీక్ష, నీ బెట్‌కి కాల్ చేసే చేతుల్లో సగం కంటే ఎక్కువ నీకంటే చిన్నవి ఉండాలి. బెట్ పెరిగేకొద్దీ కాల్ చేసేవాళ్ళు బలంగా ఉంటారు కాబట్టి రాజు-తొమ్మిది లాంటి చెయ్యికి 3,000 వేస్తే కాల్ చేసేవాళ్ళంతా నిన్ను కొట్టేవాళ్ళే మిగులుతారు, అదే 1,200 వేస్తే చిన్న చేతులు కూడా వస్తాయి. మరీ బిగుతుగా, ఒక్క తప్పు కూడా చెయ్యకుండా ఆడేవాళ్ళ మీద ఇవన్నీ మారతాయి, వాళ్ళ గురించి ఇప్పుడు వద్దు.

అయితే ఒకే గ్రూప్‌తో నెలల తరబడి ఆడితే ఇంకో సమస్య వస్తుంది, నువ్వు పెద్ద బెట్ వేస్తే సెట్, చిన్న బెట్ వేస్తే టాప్ పెయిర్ అని అందరికీ తెలిసిపోద్ది. దానికి మందు బలమైన చెయ్యికి బెట్ తగ్గించడం కాదు, అదే సైజ్‌తో అప్పుడప్పుడు ఫ్లష్ మిస్సయిన చేతుల్ని కూడా బెట్ చెయ్యడం. లెక్క ప్రకారం రివర్‌లో పాట్ సైజ్ బెట్ వేసేటప్పుడు రెండు నిజమైన చేతులకి ఒక బ్లఫ్ (చేతిలో ఏమీ లేకుండా వేసే బెట్) ఉంటే అవతలివాడికి కాల్ చేసినా మానేసినా ఒకటే అవుద్ది, సగం పాట్ బెట్ అయితే మూడింటికి ఒకటి. పెద్ద బెట్‌కి ఎక్కువ బ్లఫ్‌లు కుదురుతాయన్నమాట, వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళ లిబ్రాటస్ ప్రోగ్రాం నలుగురు ప్రొఫెషనల్స్ మీద 1,20,000 హ్యాండ్స్ ఆడి గెలిచినప్పుడు అందరినీ ఇబ్బంది పెట్టింది కూడా ఇదే, పాట్ కంటే ఎన్నో రెట్లు బెట్ వేసేది, అది సెట్టో బ్లఫ్ఫో తెలిసేది కాదు. కానీ ఎంవీపీ కాలనీలో ఆదివారం ఆటకి ఇదంతా అవసరమా అంటే పెద్దగా కాదు, అక్కడ కాల్ చెయ్యడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ, బ్లఫ్ తగ్గించుకుని వాల్యూ (మంచి చెయ్యితో రాబట్టేది) పెంచుకో.

ఆన్‌లైన్‌లో ప్రాక్టీస్ చెయ్యమని కొందరు అంటారు. డబ్బులు పెట్టి ఆడే యాప్స్ మన రాష్ట్రంలో 2020లో గేమింగ్ చట్టం మార్చినప్పటి నుంచే నిషేధం, 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చాక దేశమంతా అంతే. ఫ్రీ చిప్స్‌తో ఆడితే ఇంకో తలనొప్పి, అక్కడ ప్రతివాడూ ఆల్ ఇన్ వేసేస్తాడు, సైజింగ్ నేర్చుకోవడానికి పనికిరాదు. దానికంటే ఒక పేక కట్ట తీసుకుని ఫ్లాప్ పరిచి, నీ చెయ్యి పెట్టి, అవతల ఎవరెవరు కాల్ చేస్తారో కాంబినేషన్లు కాగితం మీద రాయి.

చివర్లో నువ్వు అడిగిన రెండోది, రివర్‌లో జాకీ కళావర్ కాకుండా ఇస్పేట్ అయి ఉంటే ఏం చెయ్యాలి అని. అప్పుడు 3,000 వద్దు. అతను చెక్ చేస్తే (బెట్ వెయ్యకుండా నీకు వదిలేస్తే) 1,000, 1,200 మధ్యలో వెయ్, రాజు ఉన్నవాడు "ఇంత చిన్నదే కదా" అని చూడ్డానికి ఇస్తాడు, ఆ రాజులు ఫ్లష్‌ల కంటే ఎక్కువ కాంబినేషన్లు కాబట్టి బెట్ లాభమే. అతను దాని మీద చెక్-రెయిజ్ చేసి ఆల్ ఇన్ అంటే, మీ ఫ్రెండ్స్‌లో మూడో ఇస్పేట్ పడ్డాక అలా బ్లఫ్ చేసేవాడు ఎవడో నువ్వు పేరు పెట్టి చెప్పగలిగితే కాల్ చెయ్, చెప్పలేకపోతే ఎనిమిదులు పడేసెయ్. ఇస్పేట్ ఐదు పడితే మాత్రం కథ వేరే, అతనికి ఫ్లష్ కుదిరింది నీకు ఫుల్ హౌస్ కుదిరింది, 8,050 మొత్తం తోసెయ్. ఫ్లష్ కోసం 1,200 పెట్టి ఎదురుచూసినవాడు ఆ ముక్క పడ్డాక ఫోల్డ్ చెయ్యడం నేనైతే చూళ్ళేదు.